పల్లవిలో పెదాలు కలుస్తున్నాయి, చరణానికొచ్చేసరికి తప్పుతున్నాయి. కాలేజీ పాటకి వీడియో, సాయం కావాలి

గోదారిగట్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. రాజమండ్రిలో ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ఫేర్‌వెల్‌కి మా బ్యాచ్ తరఫున ఒక మ్యూజిక్ వీడియో చేద్దామనుకున్నాం. పాట పూర్తిగా మాదే. రాసింది మా క్లాస్ అబ్బాయి, ట్యూన్ కట్టి పాడింది మా హాస్టల్ అమ్మాయి. 3 నిమిషాల 42 సెకన్లు. రికార్డింగ్ అయిపోయింది, నిజంగానే బాగా వచ్చింది. వీడియో ఎవరు చేస్తారు అనగానే అందరూ నా వైపు తిరిగారు. ఫ్రెషర్స్ డేకి ఫోన్లో ఒక నిమిషం రీల్ చేశాను, అదీ నా అనుభవం మొత్తం.

మూడు వారాలుగా యూట్యూబ్‌లో పాఠాలు చూస్తున్నాను. నలభై దాకా సేవ్ చేసుకున్నాను. ప్రతివాడూ మొదటి రెండు నిమిషాల్లో ఏదో ఒకటి కొనమంటాడు. గింబల్ (ఫోన్ ఊగకుండా పట్టుకునే పరికరం) అంటాడు, లెన్స్ అంటాడు. మా బడ్జెట్ మొత్తం 3,000. అందులో బిర్యానీ ఖర్చు కూడా ఉంది.

మొన్న శనివారం క్లాసులో ట్యూబ్‌లైట్ల కింద ట్రయల్‌గా తీశాను. రెండు సమస్యలు వచ్చాయి.

మొదటిది, వీడియోలో పైనుంచి కిందకి నల్లటి చారలు మెల్లగా జారుతున్నాయి. కంటికి కనబడలేదు, ఫోన్లో మాత్రం ఉన్నాయి.

రెండోది, నన్ను ఎక్కువ ఏడిపించింది. పాట మొత్తం ఒకే టేక్‌లో పాడించాను. ఎడిటింగ్‌లో అసలు పాటని కింద పెట్టి మొదటి లైనుకి కలిపాను. పల్లవి చక్కగా కలిసింది. రెండో చరణంలో "మూడో బెంచీ మీద" అనే లైను దగ్గర చూస్తే పాటలో "బెంచీ" అయిపోయాక అమ్మాయి నోరు "బెంచీ" అంటోంది. వెనక్కి జరిపితే పల్లవి చెడుతుంది. రాత్రి ఒంటిగంట దాకా అదే పని. చివరికి ఏది కరెక్టో కూడా తెలియలేదు, చూసీ చూసీ అన్నీ కలిసినట్టే, అన్నీ తప్పినట్టే ఉన్నాయి.

నా దగ్గర ఉన్నవి: మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ (సెకనుకి 30, 60 ఫ్రేములు ఇస్తుంది, 25 లేదు), 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ (విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు), ఒక బ్లూటూత్ స్పీకర్, ఐదు వారాల టైమ్. ముందు ఏం నేర్చుకోవాలి? డావిన్సీ రిసాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమని కొందరు, ఫోన్లోనే కానిచ్చేయమని కొందరు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

---

తణుకు ఎడిటర్:

అమ్మా, టెన్షన్ పడకు. నేను 12 ఏళ్లుగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను, నీకొచ్చిన రెండు జబ్బులూ నాకు బాగా తెలిసినవే. కెమెరా వాళ్లు తెచ్చిచ్చిన కార్డుల్లో రోజూ చూస్తుంటాను.

చారల సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు వెలిగి తగ్గుతుంది, కన్ను పట్టుకోలేదు. ఫోన్ ఆటోలో షట్టర్ని, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగు తీసుకునే సమయాన్ని, తన ఇష్టమొచ్చినట్టు పెట్టుకుంటుంది. ఫోన్ ఫ్రేముని వరుస తర్వాత వరుసగా తీస్తుంది కాబట్టి ఒకే ఫ్రేములో కొన్ని వరుసలకి వెలుగు ఎక్కువ, కొన్నిటికి తక్కువ పడి చారలొస్తాయి. షట్టర్‌ని 1/50 లేదా 1/100 దగ్గర కట్టేస్తే పోతాయి. నీ ఫోన్ కెమెరాలో ప్రో వీడియో మోడ్ ఉంటే అందులో ఉంటుంది. లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, నీ ఫోన్‌కి దొరుకుతుందేమో చూడు. ఎండలో 1/50 పెడితే మాత్రం అంతా తెల్లగా పోతుంది. అక్కడ ట్యూబ్‌లైట్లు ఉండవు కాబట్టి షట్టర్ వేగం పెంచేసుకో, ఫర్వాలేదు.

ఇక లిప్ సింక్. తప్పు నీది కాదు, ఫోన్‌ది. 30 ఫ్రేములని చెప్పి ఫోన్ ఎప్పుడూ సరిగ్గా 30 తీయదు. వెలుతురు తగ్గితే నెమ్మదిస్తుంది, మళ్లీ పెంచుతుంది. ఫ్రేముల మధ్య దూరం నిలకడగా ఉండదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం నిలకడగా ఉందనుకుని పేర్చుకుంటూ పోతుంది. పది సెకన్ల రీల్‌లో ఇది తెలియదు. 3 నిమిషాల 42 సెకన్ల టేక్‌లో చరణానికొచ్చేసరికి బయటపడుతుంది. ఎడిట్ మొదలుపెట్టక ముందే ఫైళ్లన్నీ నిలకడైన ఫ్రేమ్ రేటుకి మార్చుకోవాలి. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వీడియో ట్యాబ్‌లో 30 ఎంచి, కింద కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ టిక్ పెట్టు. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అవుతాయి.

కలిసిందో లేదో తేల్చుకోడానికి ముఖం మొత్తం చూడకు. చిన్నప్పుడు నేర్చుకున్న ప ఫ బ భ మ గుర్తుందిగా? ఆ ఐదూ పెదాలు మూయకుండా పలకలేవు. నీ లైను "మూడో బెంచీ మీద" అన్నావు, అదృష్టవంతురాలివి, మూడు మాటల్లో మూడుసార్లు మూయాలి. ఒక్కో ఫ్రేమూ జరుపుతూ "బెం" దగ్గర ఆగు. పెదాలు అంటుకున్న ఫ్రేము ఎక్కడుందో, పాట తరంగంలో "బెం" మొదలయ్యే చోటు ఎక్కడుందో చూడు. రెండూ ఒకచోట ఉంటే కలిసినట్టే. కన్ను మోసపోతుంది, పవర్గం మోసం చేయదు. "ఆ", "ఓ" లాంటి సాగదీసే అక్షరాల దగ్గర రెండు మూడు ఫ్రేములు తప్పినా ఎవరికీ తెలియదు, వాటి గురించి నిద్ర చెడగొట్టుకోకు.

సాఫ్ట్‌వేర్. రిసాల్వ్ మంచిదే, ఉచితమే. కానీ 8 జీబీ మీద అది నడవదు, పాకుతుంది. నేను వాడేది ఎడియస్, నీకు అక్కర్లేదు. షాట్‌కట్ వేసుకో. ఉచితం, వీడియో మీద దాని పేరు ముద్ర పడదు. ఇందులో నీకు పనికొచ్చేవి మూడున్నాయి. ఫ్రేమ్ రేటు నిలకడగా లేని ఫైల్ వేస్తే అదే కనిపెట్టి మార్చమంటావా అని అడుగుతుంది. ప్రాక్సీ అని ఉంది, అంటే ఎడిట్ చేసేటప్పుడు చిన్న సైజు నకలుతో పనిచేసి చివర్లో అసలు ఫైల్‌తో బయటకి తీస్తుంది, నీ ల్యాప్‌టాప్ ఊపిరి పీల్చుకుంటుంది. మూడోది, ఫోన్లో పడ్డ స్పీకర్ సౌండుని బట్టి క్లిప్పుని పాటకి తనే కలిపే సదుపాయం. ఎప్పుడూ సరిగ్గా కలుపుతుందని నమ్మకు, "బెం" దగ్గర చూసుకో.

గింబల్ కొనొద్దు. ఆ డబ్బుతో ఒక గట్టి ట్రైపాడ్, ఫోన్ బిగించే క్లాంపు, రెండు పెద్ద థర్మాకోల్ షీట్లు కొనుక్కో. మీరు గోదావరి గట్టు మీద సాయంత్రం తీస్తారని రాజమండ్రి అనగానే అర్థమైంది. అందరూ అదే చేస్తారు. సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతాడు. వెనక పాత హేవలాక్ వంతెన, నీళ్లలో బంగారం. బాగుంటుంది, కానీ అమ్మాయి ముఖం నల్లగా పోతుంది. ఫ్రేము బయట ఇద్దరిని నిలబెట్టి థర్మాకోల్‌తో వెలుగుని ముఖం మీదకి తిప్పించు. ఫోన్ స్క్రీన్ మీద ముఖం దగ్గర వేలు నొక్కి పట్టుకుని లాక్ చేశాకే రికార్డు నొక్కు. లేకపోతే పాట మధ్యలో తనంతట తనే వెలుతురు పెంచి తగ్గించి చంపుతుంది. పొద్దున వెలుగు నీళ్ల మీద కావాలంటే అవతలి గట్టుకి, కొవ్వూరు వెళ్లాలి. అక్కడి నుంచి సూర్యుడు రాజమండ్రి వైపు లేస్తాడు. ఖాళీగా కూడా ఉంటుంది.

ముందు ఏం నేర్చుకోవాలి అన్నావు. పాఠాలు చూడటం ఆపెయ్. ఈ ఆదివారం హాస్టల్ డాబా మీద ఒక్క చరణం తియ్. ఒక్కటే. దూరం నుంచి ఒకసారి, నడుము దాకా ఒకసారి, ముఖం ఒకసారి, చేతులు, చెప్పులు, గాజులు ఒకసారి. ప్రతిసారీ చరణం కంటే రెండు లైన్లు ముందునుంచి పాట పెట్టు, అప్పటికి అమ్మాయి ఊపులోకి వస్తుంది. సోమవారం కూర్చుని ఆ నలభై సెకన్లూ కట్ చెయ్. ఏ షాట్ లేక చేతులు కట్టేసినట్టైందో అప్పుడు తెలుస్తుంది. పెళ్లిలో తలంబ్రాలకి రెండో టేక్ ఉండదు, నేను ఉన్నదాంతోనే కుట్టాలి. నీకు రెండో టేక్ ఉంది. వాడుకో.

---

సెకండియర్ బెంచి:

అక్కా, అన్నయ్య చెప్పినవన్నీ కరెక్ట్. నేను ఇంకోటి చెప్తాను, ఎందుకంటే మేం అందులో పడి మునిగాం.

పోయినేడాది మా ఫెస్ట్ పాటకి ముగ్గురి ఫోన్లలో తీశాం. ఎడిట్ చేసేది నేను. మిగతా ఇద్దరూ క్లిప్పులన్నీ వాట్సాప్‌లో మామూలు వీడియోల్లాగే పంపారు. నేను చూసుకోలేదు. రెండు రాత్రులు ఎడిట్ చేశాక ఆడిటోరియంలో ప్రొజెక్టర్ మీద వేసి చూస్తే, నా ఫోన్లో తీసిన షాట్లు శుభ్రంగా, వాళ్లవి ముఖం మీద మైదాపిండి రాసినట్టు. వాట్సాప్ నొక్కేసింది. సరే అసలువి పంపరా అంటే ఒకడు ఫోన్ నిండిపోయిందని అప్పటికే డిలీట్ కొట్టేశాడు. డాక్యుమెంట్‌గా పంపితే నొక్కదు. అంతకంటే కేబుల్ పెట్టి ఆ రోజే ల్యాప్‌టాప్‌లోకి తీసేయడం మంచిది. ఇంకో పెన్‌డ్రైవ్‌లో రెండో కాపీ పడేదాకా ఎవరి ఫోన్లోనూ డిలీట్ అనే మాట వినపడకూడదు.

ఇంకా, ఫోన్లోనే ఎడిట్ చేయాలంటే వీఎన్ బాగుంటుంది, ముద్ర పడదు. కైన్‌మాస్టర్ ఉచితంగా వాడితే మూల పేరు పడుతుంది. కానీ మూడున్నర నిమిషాల పాటని వేలితో ఒక్కో ఫ్రేమూ జరపడం నరకం అక్కా. ల్యాప్‌టాపే బెటర్.

---

ఫుల్‌ఫ్రేమ్:

ఇంత కష్టం ఎందుకు? 3,000 ఉందిగా, ఒక రోజుకి మంచి కెమెరా, లెన్స్ అద్దెకి తీసుకుంటే ఫ్రేమ్ రేటు గొడవ ఉండదు, వెనక బ్యాక్‌గ్రౌండ్ మసకగా వస్తుంది, సినిమాలా ఉంటుంది. ఫోన్‌తో ఎంత చేసినా ఫోన్‌లాగే ఉంటుంది.

---

తణుకు ఎడిటర్:

ఫ్రేమ్ రేటు గొడవ ఉండదన్నది నిజమే. కానీ ఎప్పుడూ పట్టుకోని కెమెరా ఒక్కరోజు చేతికొస్తే సగం రోజు ఫోకస్ పోయిన షాట్లే వస్తాయి. ముఖం మసక, వెనక చెట్టు స్పష్టంగా. అలాంటి కార్డులు నా బల్ల మీదకి నెలకి రెండైనా వస్తాయి, అదీ డబ్బులు తీసుకుని తీసేవాళ్లవి. ఆ అమ్మాయికి ఫోన్ ఐదు వారాలూ చేతిలోనే ఉంటుంది.

---

గోదారిగట్టు:

అన్నయ్యా, చాలా థాంక్స్. "బెం" దగ్గర ఆపి చూశాను. పల్లవిలో ఒక్క ఫ్రేము తేడా, రెండో చరణానికి తొమ్మిది ఫ్రేములు! హ్యాండ్‌బ్రేక్‌లో మార్చాక మళ్లీ చూస్తే ఒక్క ఫ్రేమే. హాస్టల్లో కేక పెట్టాను, పక్క రూమ్ వాళ్లు వచ్చారు.

ఇంకో డౌటు. చివరి చరణంలో అమ్మాయి పడవ మీద నిలబడి పాడాలని మావాళ్ల ఆశ. కెమెరా గట్టు మీద, పడవ కొంచెం దూరంగా. స్పీకర్ ఎక్కడ పెట్టాలి? బ్లూటూత్ ఆలస్యం వల్ల మళ్లీ లిప్ సింక్ తప్పుతుందా? స్లో మోషన్‌లో నడుస్తూ కూడా పెదాలు కలిసేలా తీస్తారు కదా పాటల్లో, అది ఎలా?

---

కృష్ణానగర్ పాత కాపు:

ఏడేళ్లు అసిస్టెంట్ డైరెక్టర్‌గా తిరిగి ఇప్పుడు వేరే ఉద్యోగం చేసుకుంటున్నాను. ఈ ప్రశ్న చూసి ఆగలేకపోయాను.

సెట్‌లో పాట ప్లే చేయడాన్ని మావాళ్లు ఇప్పటికీ "నాగ్రా" అంటారు. ఒకప్పుడు ఆ పేరుగల స్విట్జర్లాండ్ టేప్ రికార్డర్ మీద వేసేవాళ్లు. మెషిన్ పోయింది, పేరు మిగిలింది. ల్యాప్‌టాప్‌లో వేసినా "నాగ్రా" అనే అరుస్తారు. ఆ నాగ్రా పాటకి ముందు నాలుగు టిక్కులు ఉండాలి. మీ పాట వేగంలోనే టక్ టక్ టక్ టక్, తర్వాత పాట. అది లేకపోతే మొదటి మాట ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. మీ రికార్డింగ్ చేసినవాళ్లని అడిగితే రెండు నిమిషాల్లో చేసిస్తారు.

బ్లూటూత్ ఆలస్యం గురించి మర్చిపోండి. అమ్మాయి పాడేది స్పీకర్లో విన్నదాన్ని బట్టి, ఫోన్లో రికార్డయ్యేది కూడా స్పీకర్ సౌండే. ఇద్దరికీ ఒకే ఆలస్యం కాబట్టి రద్దయిపోతుంది.

అసలు మోసం దూరంలో ఉంది. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు వెళుతుంది. కెమెరాకి పడవ 34 మీటర్ల దూరంలో ఉంటే, సౌండు సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. అంటే మీ 30 ఫ్రేముల్లో 3. వెలుగుకి ఆ ఆలస్యం లేదు. స్పీకర్ పడవలో పెట్టి, ఫోన్లో పడ్డ సౌండుతో కలిపితే పెదాలు పాటకంటే 3 ఫ్రేములు ముందు కదులుతాయి, ఆ షాట్‌ని 3 ఫ్రేములు వెనక్కి, అంటే ఆలస్యంగా జరపాలి. స్పీకర్ గట్టు మీద కెమెరా పక్కనే పెడితే తిరగబడుతుంది. అమ్మాయికే ఆలస్యంగా వినపడుతుంది, పెదాలు 3 ఫ్రేములు వెనకబడతాయి. నా సలహా, స్పీకర్ పడవలోనే పెట్టండి. నీళ్ల దగ్గర గాలికి దూరం నుంచి పాట సరిగ్గా వినపడదు, అమ్మాయి మొహంలో "ఏంటీ?" అన్న భావం వచ్చేస్తుంది.

పడవ గట్టుకి తాడుతో కట్టే ఉంచండి, లైఫ్ జాకెట్ పక్కన ఉండటం కాదు, షాట్ అయ్యేదాకా మిగతావాళ్లు వేసుకునే ఉండాలి, అమ్మాయికి షాట్ అవ్వగానే వేయాలి. వంతెన దగ్గర పట్టాల మీద తీద్దామని ఎవడో ఒకడు అంటాడు. పట్టాల మీదకి ఎక్కడమే రైల్వే చట్టం ప్రకారం నేరం. ఆ మాట అన్నవాడికి బిర్యానీ కట్.

స్లో మోషన్ లిప్ సింక్ చాలా తేలిక, నవ్వొస్తుంది కూడా. పాటని రెండింతల వేగంతో ప్లే చేయండి. 60 ఫ్రేముల్లో తీయండి. అమ్మాయి ఆ వేగానికి గబగబా పాడుతూ నడవాలి. ఎడిట్‌లో దాన్ని సగం వేగానికి తగ్గిస్తే పెదాలు అసలు పాటకి కలుస్తాయి, జుట్టు, చున్నీ మాత్రం నెమ్మదిగా ఎగురుతాయి. తీసేటప్పుడు చూస్తే చీమలు కుట్టినట్టు ఉంటుంది, చుట్టూ ఉన్నవాళ్లని నవ్వొద్దని ముందే చెప్పండి. మీ పాట వేగం ఎంతో చెప్పండి, మరీ ఫాస్ట్ పాటైతే రెండింతలు నోరు తిరగదు.

---

గోదారిగట్టు:

100 బీపీఎం సార్, అంటే నిమిషానికి వంద దెబ్బలు.

---

తణుకు ఎడిటర్:

100 అంటే బంగారం లాంటి అంకె. 30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో ఒక్కో దెబ్బకి సరిగ్గా 18 ఫ్రేములు. నాలుగు దెబ్బలకి 72. పాట వింటూ ప్రతి నాలుగో దెబ్బకీ మార్కర్ పెట్టుకో. కానీ ప్రతి దెబ్బకీ కట్ కొట్టకు తల్లీ. మొదటి పది సెకన్లు బాగుంటుంది, తర్వాత తీన్మార్‌కి లైట్లు వెలిగి ఆరినట్టు ఉంటుంది. పల్లవిలో దెబ్బ మీద కొట్టు, చరణంలో మాట అయ్యేదాకా ముఖం మీదే ఉండు.

---

గోదారిగట్టు (తొమ్మిది రోజుల తర్వాత):

డాబా ట్రయల్ అయింది. రాయాలనిపించింది.

చారలు లేవు. లిప్ సింక్ కలిసింది. స్లో మోషన్ నడక తీసినప్పుడు పాట రెండింతల వేగంతో పెట్టగానే వార్డెన్ గారు పైకి వచ్చేశారు, ఏదో ఇరుక్కుపోయి ఏడుస్తోందనుకున్నారట. మూడు టేకులు నవ్వుతోనే పోయాయి.

కట్ చేయడానికి కూర్చుంటే అన్నయ్య చెప్పిందే జరిగింది. దూరం షాట్లు ఏడు ఉన్నాయి. చేతులు, గాజులు ఒక్కటే, అదీ నాలుగు సెకన్లు. ముఖం నుంచి ముఖానికి కట్ చేస్తే ఎగిరినట్టు ఉంది, మధ్యలో పెట్టడానికి ఏమీ లేదు. ఇంకోటి, రెండో టేక్‌లో జడ ముందుకి ఉంది, మూడో టేక్‌లో వెనక్కి. ఎనిమిది మంది అక్కడే నిలబడి చూశాం, ఒక్కరికీ కనబడలేదు. ఎడిటింగ్‌లో చూస్తే ప్రతి కట్‌కీ జడ అటూ ఇటూ దూకుతోంది. ఇప్పుడు మా జూనియర్‌కి ఒకటే డ్యూటీ. ప్రతి టేక్ ముందు అమ్మాయిని ఒక ఫోటో తీయడం, జడ, బొట్టు, చున్నీ ఏ భుజం మీద ఉందో దానితో పోల్చి చూడటం.

అన్నిటికంటే బాగా వచ్చిన షాట్ ఏంటో చెప్తే నవ్వుతారు. టేక్ అయిపోయింది అని నేను అరిచాక ఫోన్ ఆపడం మర్చిపోయాను. అమ్మాయి నీళ్ల ట్యాంకు అంచున కూర్చుని, చెప్పు తెగిందేమో చూసుకుంటూ, పాట లేకుండానే చరణం మెల్లగా పాడుకుంటోంది. పదకొండు సెకన్లు ఉంది. ఇంటర్లూడ్‌లో పెట్టాను. మావాళ్లందరూ అక్కడే ఆగమన్నారు. ఇకమీద ప్రతి టేక్ తర్వాతా ఇరవై లెక్కపెట్టాకే ఆపుతాను.

ఖర్చు ఇప్పటికి 1,450. ట్రైపాడ్, క్లాంపు, థర్మాకోల్ రెండు. ఒకటి డాబా మీద గాలికి ఎగిరి పక్కింటి వాళ్ల జామచెట్టులో పడింది, తిరిగి ఇచ్చారు, మూల విరిగింది.

ఈ ఆదివారం పొద్దున్న కొవ్వూరు వైపు. సూర్యుడు లేచేలోపు అక్కడ ఉండాలి కాబట్టి నాలుగున్నరకే బయల్దేరుతున్నాం. స్పీకర్ ఛార్జింగ్‌లో పెట్టాను, పాటకి ముందు నాలుగు టిక్కులు పెట్టించాను. పడవ షాట్ తర్వాతి వారానికి. పడవతను తాడు విప్పనని ముందే చెప్పేశాడు, మేం అడగకముందే.